దిగినవాడిదే టీ

ఏళ్ళ తరబడి భవనం తర్వాత భవనం లేస్తున్న ఆ సైటులో రూల్సన్నీ గేటు పక్కన బోర్డు మీద రాసి ఉంటాయి, ఒక్కటి తప్ప. విచిత్రమేమిటంటే జనం తు.చ. తప్పకుండా పాటించేది ఆ రాయని రూలునే. పొద్దున క్రేన్ ఎక్కిన మనిషి మధ్యాహ్నం భోజనాల గంట మోగేదాకా దిగకూడదు. దిగితే ఎందుకు దిగావని ఎవరూ నిలదీయరు గానీ, ఆ పూట కింద ఉన్నవాళ్ళందరికీ టీ అతనే పోయించాలి. క్రేన్ ఆగితే అరవై మంది చేతులు ఆగిపోతాయి. ఇనుము మోసేవాడు ఇనుము దగ్గర, కాంక్రీటు పోసేవాడు కాంక్రీటు దగ్గర మెడలు నిక్కించి పైకి చూస్తూ నిలబడతారు. ఆ మెడనొప్పికి టీ అన్నమాట.

పదకొండేళ్ళలో ఆపరేటరు ఒక్కసారి కూడా టీ పోయించలేదు.

ఆ నిచ్చెనకి రెండువందల పన్నెండు మెట్లు. మెట్టుకోసారి దేవుడి పేరు తలుచుకుంటూ ఎక్కడం అతని అలవాటు. పైన గూడు. మూడు వైపులా అద్దాలు, మధ్యలో కుర్చీ, కుర్చీకి అటో లివరు ఇటో లివరు, ఎదురుగా అద్దం పైన అరచేయంత దేవుడి పటం. బూట్లు తలుపు దగ్గరే విప్పి, పటానికి దణ్ణం పెట్టుకున్నాకే కుర్చీలో కూర్చుంటాడు. కింద వాళ్ళు అతనికి 'పైవాడు' అని పేరు పెట్టారు. పైవాడు కరుణిస్తే ఇనుము దిగుతుందని, పైవాడికి కోపమొస్తే ఇటుకలు రావని నవ్వుకుంటారు. ఆ మాట చెవిన పడితే అతనికి లెంపలేసుకోవాలనిపిస్తుంది. అది దేవుడి పేరు, లివర్లు తిప్పుకు బతికేవాడికి అంటగట్టొద్దని చెప్పి చూశాడు. చెప్పినకొద్దీ ఆ పేరు జిగురులా అంటుకుపోయింది.

మామూలుగా క్రేన్ ఎక్కేవాళ్ళు ఓ ఖాళీ సీసా కూడా పైకి తీసుకెళతారు. ఎందుకో అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు. ఇతను తీసుకెళ్ళడు. దేవుడి పటం ఎదురుగా అలాంటి పనా? అందుకని వేరే ఉపాయం కనిపెట్టుకున్నాడు. నిద్ర లేచింది మొదలు భోజనాల గంట దాకా నీళ్ళు ముట్టడు. అప్పటికీ వస్తే ఉగ్గబట్టుకుంటాడు. పదకొండేళ్ళు అది ఓ వ్రతంలా సాగిపోయింది. సాగిందని ఎవరికీ చెప్పుకోకపోయినా, లోపల ఏ మూలో ఓ పిసరు గర్వం కూడా ఉండేది.

ఈ నాలుగు నెలలుగా మాత్రం సాగడం లేదు.

మొదట చలిజ్వరంలా వచ్చింది. దాంతోపాటు ఒంటికి వెళితే మంట. పొత్తికడుపు కింద, ఇంకా కింద, చేత్తో చూపించడానికి కూడా మొహమాటపడే చోట నొప్పి. ఇంటికి దగ్గరున్న మందుల షాపు వదిలేసి, రెండు బస్సులు మారి, ముక్కూ మొహం తెలియని షాపుకి వెళ్ళాడు. నా స్నేహితుడికి ఇలా ఉందని మొదలుపెట్టాడు. షాపాయన కళ్ళజోడు పైనుంచి చూసి, మీ స్నేహితుడు డాక్టరు దగ్గరికి వెళితే మంచిదని, తప్పదంటే ఈ మాత్రలు పది రోజులు వాడమని ఇచ్చాడు. నాలుగో రోజుకి జ్వరం తగ్గింది, మంట పోయింది. ఇక మందెందుకని మిగిలినవి పాత కళ్ళజోడు పెట్టెలో దాచాడు. నెల తిరక్కుండానే నొప్పి మళ్ళీ వచ్చింది. ఈసారి జ్వరం లేదు, నొప్పి మాత్రమే. దాచిన వాటిలోంచి ఓ మాత్ర తీసి మింగాడు. తలనొప్పికి వేసుకున్నట్టు, నొప్పి వచ్చినప్పుడల్లా ఒకటి.

అప్పట్నుంచి మనిషి ఓ చోట నిలవడం మానేశాడు. బస్సులో సీటు ఖాళీగా ఉన్నా కమ్మీ పట్టుకుని నిలబడతాడు. భోజనం పళ్ళెం చేత్తో పట్టుకుని కిటికీకీ తలుపుకీ మధ్య తిరుగుతూ తింటాడు. కూర్చుంటే ముళ్ళు, పడుకుంటే తొందర. రాత్రి నాలుగైదుసార్లు లేవాల్సి వస్తోందని, నడుంనొప్పి వంక పెట్టి మంచం ముందుగదిలోకి మార్చుకున్నాడు. ఇరవై రెండేళ్ళ కాపురంలో అది మొదటిసారి. భార్య ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనలేదంటే ఏదో అనుకుందని అర్థం. అదింకో ముల్లు.

ఒకరోజు పొద్దున మాత్రం అంది. స్నానం చేసి దేవుడి ముందు కూర్చున్నవాడు అటు ఒరిగి, ఇటు ఒరిగి, చివరికి లేచి నిలబడి చేతులు జోడించాడు.

"దేవుడి దగ్గర కూడా నిలబడే మాట్లాడుతున్నారు. బస్సేమైనా వెళ్ళిపోతోందా?" అంది.

నవ్వేశాడు. నవ్వితే కూడా అక్కడ నొప్పి పుట్టింది.

చెప్పొచ్చు కదా అంటే, చెప్పలేకపోవడానికి సిగ్గు ఒక్కటే కారణం కాదు. ఆ గూట్లో ఇతనికంటే ముందు కూర్చున్నది ఇతని అన్న. పని నేర్పింది ఆయనే, లివర్ల మీద చెయ్యి ఎలా ఉండాలో చూపించిందీ ఆయనే. ఓ రోజు అన్న పొద్దున పదింటికి కిందికి దిగాడు. అందరికీ టీ పోయించాడు. మర్నాడూ దిగాడు. వారం తిరిగేసరికి ఇంజనీరు ఆయన్ని స్టోరు గదిలో కూర్చోబెట్టాడు. తర్వాత ఆస్పత్రి, ప్రోస్టేట్ క్యాన్సరని ఓ కాగితం, ఏడాదిలో అంతా అయిపోయింది. తమ్ముడి మనసులో ఆ వరస ఎవరో మేకు కొట్టినట్టు ఉండిపోయింది. దిగాడు, మళ్ళీ ఎక్కలేదు. ఇప్పుడు తనకీ అదే చోట నొప్పి. దిగనంతకాలం తనకేమీ కానట్టే. దిగిన రోజు అన్న నడిచిన దారిలో మొదటి అడుగు వేసినట్టే.

అలా తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని రోజులు గడుపుతుండగా నీళ్ళ ట్యాంకు వచ్చింది.

స్టీలు ట్యాంకు, నాలుగు టన్నులు. తొమ్మిదో అంతస్తు పైకప్పు మీద దిమ్మెల మీద కూర్చోబెట్టాలి. నీళ్ళు ముట్టని మనిషి చేత నీళ్ళ ట్యాంకు ఎత్తించడంలో దేవుడికి ఏం సరదా ఉందో మరి. గాలి పెరిగేలోపు, పదకొండుకల్లా అయిపోవాలని ఇంజనీరు తొందర. పైకప్పు మీద నిలబడి వైర్‌లెస్‌లో దారి చెప్పేది బావమరిది. సైటులో సిగ్నల్ మనిషి అతనే. ఆపరేటరుకి ఆ పైకప్పు మీద సగం కనబడదు, గోడ అడ్డం. బావమరిది గొంతే అతనికి కళ్ళు. మామూలు రోజుల్లో ఆ గొంతు వెక్కిరింతలతో నిండి ఉంటుంది. మా అక్కని చూడ్డానికి వచ్చినప్పుడు కూడా ఇంత మెల్లగా రాలేదు నువ్వు, కాస్త కదులు బావా, అంటుంటాడు. పెద్ద బరువు గాల్లో ఉన్నప్పుడు మాత్రం ఒక్క అనవసరపు మాట ఉండదు.

ఆ పొద్దున ఆపరేటరు మిగిలిన మాత్రల్లో రెండు కలిపి ఉమ్మితో మింగి ఎక్కాడు.

ట్యాంకు లేచింది. ఆరో అంతస్తు, ఏడు, ఎనిమిది. చలి మొదలైంది. మూడు వైపులా ఎండ పడుతున్న అద్దాల గదిలో పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. పొత్తికడుపు కింద కాల్చిన చువ్వ దించినట్టయింది. ఆ వెంటనే ఒంటికి వెళ్ళాలన్న తొందర, ఇన్నేళ్ళుగా అణచిపెట్టిన తొందరలన్నీ కూడబలుక్కుని ఒక్కసారే వచ్చినట్టు.

"మెల్లగా బావా. ఎడమకి. ఇంకొంచెం. ఆ, ఇప్పుడు దించు. మెల్లగా" అంటోంది గొంతు.

చెయ్యి వణికింది. లివరు వెంట్రుకవాసి కదిలితే అక్కడ ట్యాంకు బారెడు ఊగుతుంది. అలా ఊగింది. వైర్‌లెస్‌లో బూటు జారిన చప్పుడు, ఏదో నేలకి కొట్టుకున్న చప్పుడు వినిపించి, తర్వాత ఏమీ వినిపించలేదు. ఆపరేటరు రెండు చేతులతో లివర్లు బిగబట్టి, ఊపిరి బిగబట్టి, ఊగుతున్న ట్యాంకు వెంట క్రేన్ చెయ్యిని కాస్త నడిపించి ఊపు చంపేశాడు. అదీ అన్న నేర్పిన విద్యే.

"బావా. ఏంటది?" అన్నాడు బావమరిది. మెల్లగా అడిగాడు. ఆ మెల్లదనానికే ఇతని ప్రాణం ఉసూరుమంది.

ఈలోగా ఇంజనీరు గొంతు అడ్డొచ్చింది. గాలి పెరుగుతోందని, ఇంకా ఎందుకు ఆగారని, అయిదు నిమిషాల పనని అన్నాడు.

నిజమే, అయిదు నిమిషాల పని. అయిదు నిమిషాలు ఉగ్గబట్టడం అతనికి లెక్క కాదు. కానీ చెయ్యి మాత్రం తన మాట వినడం లేదు. ఆ చెయ్యి చివర నాలుగు టన్నులుంది, దాని కింద భార్య తోడబుట్టినవాడున్నాడు. ఎదురుగా పటం కేసి చూశాడు. అయిదు నిమిషాలు చెయ్యి వణక్కుండా చూడమని అడగబోయాడు, నోరు రాలేదు. దిగడానికి సిగ్గుపడి, దేవుడి చేత ట్యాంకు మోయించాలని చూస్తున్నాననిపించింది. ఇది భక్తేనా?

వైర్‌లెస్ మీట నొక్కాడు. అది నొక్కితే సైటులో ప్రతి సెట్టులోనూ వినబడుతుంది.

"ట్యాంకుని వెనక్కి నేల మీదకి దించేస్తున్నాను. కింద అందరూ తప్పుకోండి. ఒరేయ్, ముందు నువ్వు అక్కణ్ణుంచి జరుగు."

ఎందుకని అడిగాడు ఇంజనీరు.

"నావల్ల కావడం లేదు సార్."

పదకొండేళ్ళలో ఆ గూట్లోంచి అలాంటి మాట ఎవరూ వినలేదు. ఇటుకలందించేవాళ్ళు కూడా చేతులు ఆపేశారు. ట్యాంకు భవనానికి దూరంగా, మనిషంటూ లేని ఖాళీ నేల మీదకి, వంకరగానే అయినా, దిగింది. ఆపరేటరు బూట్లు వేసుకోవడం కూడా మరిచిపోయి నిచ్చెన పట్టుకున్నాడు. ఎక్కేటప్పుడు మెట్టుకోసారి తలిచే పేరుని దిగేటప్పుడు మెట్టుకి పదిసార్లు తలిచాడు. కింద కాలు పెట్టేసరికి అరవై మంది చూస్తున్నారు. ఎవరో అలవాటుగా "ఈ పూట టీ పైవాడిది" అన్నారు. ఎవరూ నవ్వలేదు.

సైటు మూలనున్న రేకుల పాయిఖానాలోకి పరిగెత్తాడు. అక్కడికి వెళ్ళాక రాలేదు. ప్రాణం పోతున్నట్టు తొందరపెట్టింది కాస్తా నాలుగు చుక్కలు రాలి ఆగిపోయింది. తలుపు బయట అడుగుల చప్పుడు వచ్చి ఆగింది.

"బావా, బతికే ఉన్నావా?"

"ఉన్నాను."

"నా మీద నాలుగు టన్నులు పడెయ్యబోయావు. అక్కకి ఏం చెబుదామనుకున్నావు?"

రేకు తలుపుకి తలానించి ఆపరేటరు అప్పుడు చెప్పాడు. ఎదురుగా మొహం లేకపోవడంతో చెప్పడం కాస్త తేలికైంది. నాలుగు నెలల కథా చెప్పి, "అన్నకి వచ్చిందే నాకూ వచ్చిందిరా" అన్నాడు. బయట బూటు కొసతో కంకర తన్నిన చప్పుడైంది.

"నీకెవరు చెప్పారు?" అన్నాడు బావమరిది.

"ఎవరూ చెప్పలేదు. నాకు తెలుసు."

"ఓహో. మరి డాక్టర్లంతా దుకాణాలు కట్టేసుకుని క్రేన్లు ఎక్కొచ్చు. రా బయటికి."

"మీ అక్కకి చెప్పకు."

"ఫోన్ చేసేశాను. నువ్వు నిచ్చెన మీద ఉండగానే."

ఆస్పత్రిలో భార్య వీళ్ళకంటే ముందే వచ్చి నిలబడి ఉంది. ఒక చేతిలో నీళ్ళ సీసా, ఇంకో చేతిలో పాత కళ్ళజోడు పెట్టె. పెట్టె చూడగానే ఇతని తల దించుకుపోయింది. నెల్లాళ్ళ క్రితమే దొరికిందట. మాత్రల పేరు కాగితం మీద రాసుకుని వీధి చివర షాపులో అడిగిందట, ఇది ఇన్‌ఫెక్షన్‌కి వాడేదని చెప్పారట. మంచం మార్చడం, మాత్రలు దాచడం రెండూ కలిపి ఆమె అనుకోకూడనివి కూడా అనుకుంది.

"ఇంకో ఆడమనిషి గురించి కూడా అనుకున్నాను" అంది నేల చూస్తూ. "మిమ్మల్ని అడిగితే అవునంటారేమోనని అడగలేదు."

అతనికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అడకత్తెరలో పోకచెక్కలా తానొక్కడే నలుగుతున్నానని అనుకున్నాడు ఇన్నాళ్ళూ. పక్క గదిలో ఆమె కూడా నలుగుతోంది.

డాక్టరు అరవై దాటిన మనిషి. చేతులు చల్లగా, మాటలు వేడిగా ఉన్నాయి. చూడాల్సిన చోట వేలితో చూశాడు. ఆ ఒక్క నిమిషం ఆపరేటరు గోడ మీది క్యాలెండర్‌లో అంకెలన్నీ చదివేశాడు. మూత్రం పరీక్షకి పంపి, రెండు రోజులు ఉంచుకుని ఇంజెక్షన్లు ఇచ్చి, జ్వరం దిగాక భార్యాభర్తలిద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. ఆపరేటరు నిలబడతానన్నాడు. డాక్టరు నవ్వి, సొరుగులోంచి మధ్యలో కన్నమున్న దిండు తీసి కుర్చీలో వేశాడు. అలాంటి దిండొకటి ఇంట్లోనూ కొనుక్కోమన్నాడు.

తర్వాత చీటీ వెనకాల బొమ్మ గీశాడు. ఇది మూత్రం సంచీ, ఇది కిందికి వచ్చే గొట్టం, ఆ గొట్టం చుట్టూ ఉంగరంలా ఉన్నదే ప్రోస్టేట్ గ్రంథి, నిమ్మకాయంత కూడా ఉండదు. సూక్ష్మజీవులు చేరి అది వాచింది. వాచి గొట్టాన్ని నొక్కుతోంది. అందుకే పోవాలనిపిస్తుంది, పోదు. ఇంకో పూట ఆలస్యం చేసుంటే సన్నటి ట్యూబు పెట్టి మూత్రం తీయాల్సి వచ్చేదన్నాడు. కొందరికి ఏ సూక్ష్మజీవీ దొరక్కుండానే ఈ నొప్పి నెలల తరబడి ఉంటుందట, వాళ్ళ వైద్యం వేరట. ఇతనికి పరీక్షలో దొరికింది కాబట్టి మందు ఫలానా అని తెలిసిందట.

"మొదటిసారి నాలుగు రోజులు వేసి ఆపేశావు. తర్వాత నొప్పికొకటి చొప్పున మింగావు. సగం దెబ్బ తిన్న పాముని ఇంట్లో వదిలి తలుపేసుకున్నట్టు చేశావు నాయనా. ఈ గ్రంథిలోకి మందు తొందరగా ఎక్కదు. ఆరు వారాలు. నొప్పి పోయినా ఆరు వారాలే."

మాత్రలతోపాటు గోరువెచ్చని నీళ్ళ తొట్టిలో రోజుకి రెండుసార్లు పావుగంట కూర్చోవడం, నీళ్ళు బాగా తాగడం, టీలు తగ్గించడం, రెండు గంటలకోసారి లేచి నడవడం, వచ్చినప్పుడు ఉగ్గబట్టకపోవడం. మడమ వెనక నరం లాగినట్టు నొప్పి వస్తే వెంటనే చెప్పాలి, కొందరికి ఈ మందుతో అలా అవుతుంది. గొట్టం వదులు కావడానికి ఇచ్చే ఇంకో మాత్రకి లేవగానే కళ్ళు తిరగొచ్చు, కాబట్టి ఆరు వారాలూ నిచ్చెన ఎక్కకూడదు. భార్య నోరు విప్పి అడగలేకపోయిందాన్ని డాక్టరే పసిగట్టి, ఇలాంటి వాపు మామూలుగా భార్యకి అంటుకునేది కాదమ్మా, జ్వరం నొప్పి తగ్గాక మంచం లోపలిగదిలోకి మార్చేసుకోవచ్చు అన్నాడు. ఆమె సీసా మూత బిగించడంలో మునిగిపోయింది.

"మా అన్నకి..." అన్నాడు ఆపరేటరు.

డాక్టరు కలం పక్కన పెట్టాడు. "ఇది వాపు. అది వేరే జబ్బు. దీనివల్ల అది వచ్చిందని కాదు, ఇది ఉంది కాబట్టి అది లేదనీ కాదు. అది ఉందేమోనన్న అనుమానం తీరడానికి రక్తంలో పీఎస్‌ఏ అని ఓ అంకె చూస్తాం. వాపున్నప్పుడు ఆ అంకె ఎలాగూ ఎక్కువే ఉంటుంది, ఇప్పుడు చూస్తే నిన్ను ఊరికే భయపెట్టి చంపేస్తుంది. మందు పూర్తయ్యాక, వాపు దిగాక, ఇంకో రెండు వారాలాగి చూద్దాం."

"అంటే మొత్తం ఎనిమిది వారాలు తెలియదా?"

"తెలియదు."

"అప్పటిదాకా ఏం చెయ్యాలి?"

"నీళ్ళు తాగు" అన్నాడు డాక్టరు.

ఆ ఎనిమిది వారాలూ కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. ఇంజనీరు అతన్ని స్టోరు గదిలో కూర్చోబెడతానన్నాడు. అన్న కూర్చున్న గదే. అది వద్దని, నేల మీద సిగ్నల్ పని ఇప్పించమని బతిమాలుకున్నాడు. నేల మీద తను, పైకప్పు మీద బావమరిది. గూట్లోకి వేరే సైటు నుంచి మీసాలాయన అని ఒకాయన్ని తెచ్చారు. దిమ్మెల మీద ట్యాంకు కూర్చోబెట్టింది ఆయనే. పదకొండేళ్ళు పైనుంచి నడినెత్తులు చూసినవాడికి కిందినుంచి గూడు చూడటం చిత్రంగా ఉండేది. అగ్గిపెట్టెంత కనబడేది. అందులో ఎదురుగా పటం ఉందో, మీసాలాయన తీసి పక్కన పెట్టాడో అని అదో బెంగ.

తొమ్మిదో రోజుకి నొప్పి మాయమైంది. మాయమవగానే పాత బుద్ధి తల ఎత్తింది. బాగానే ఉంది కదా, ఇంకా ఒంట్లోకి మందు ఎందుకు అని. ఆ సంగతి అతనికంటే ముందు భార్య కనిపెట్టింది. మాత్రల అట్ట తన దగ్గరే పెట్టుకుని, పూటపూటా చేతిలో వేసి, మింగాక నోరు తెరిచి చూపించమనేది. నలభై ఎనిమిదేళ్ళ మనిషి నాలుక చాపి చూపించేవాడు. బావమరిది ఓసారి అది చూసి, "దంతాలు కూడా లెక్కపెట్టక్కా, సంతలో ఎద్దుని కొన్నట్టుంది" అన్నాడు.

వదిన చూడ్డానికి వచ్చిన రోజున అతను తొట్టిలో కూర్చుని ఉన్నాడు. ముందుగదిలో ఆడవాళ్ళ మాటలు వినబడుతున్నాయి. మీ మరిది నాకు నాలుగు నెలలు చెప్పలేదక్కా, అంది భార్య. వదిన నెమ్మదిగా, "నయం. మీ బావగారు నాకు రెండేళ్ళు చెప్పలేదు. రక్తం పడుతోందని తెలిసీ క్రేన్ ఎక్కాడు. దిగితే టీ పోయించాలని నవ్వేవాడు. ఆయన దిగేసరికి డాక్టర్లకి చేసేందుకేం మిగల్లేదు" అంది.

నీళ్ళు చల్లారిపోయినా అతను లేవలేదు. ఇన్నేళ్ళూ మనసులో కొట్టుకున్న మేకుని ఎవరో పీకి, తిరగేసి కొట్టినట్టయింది. దిగినందువల్ల అన్న పోయాడనుకున్నాడు తను. అన్న రెండేళ్ళు దిగలేదు. చెప్పుకుంటే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుందని పెద్దవాళ్ళు ఊరికే అన్నారా? దేవుడు ఇంత ఒంట్లో ఇంత చిన్న గ్రంథిని అలాంటి చోట పెట్టాడు, బాగానే ఉంది. దాని చుట్టూ అంత సిగ్గు కూడా ఆయనే పెట్టాడా, మనం చుట్టుకున్నామా? పటం ఎదురుగా వద్దని తను ఉగ్గబట్టిన పదకొండేళ్ళని ఆయన అడిగి తీసుకున్నాడా? ఆ సాయంత్రం ఇదే మాట భార్య దగ్గర అన్నాడు. ఆమె దిండు దులుపుతూ, "ఆయన మీ నీళ్ళు అడగలేదు, మీ నొప్పీ అడగలేదు. మీరే తీసుకెళ్ళి అక్కడ పెట్టారు" అంది. దిండు తీసుకెళ్ళి లోపలిగదిలో వేసింది.

ఆరో వారంలో ఒకరోజు, పది దాటాక ఆపరేటరు చూపు గూటి మీదే ఉంది. మీసాలాయన కూడా సీసా తీసుకెళ్ళడం లేదని అప్పటికే గమనించాడు. ఎందుకో తర్వాత తెలిసింది, ఎదురుగా పటం ఉంది కదా అన్నాడట ఆయన. పదిన్నరకి ఇనుము కట్ట తిప్పడంలో ఓ చిన్న తడబాటు. వేరే ఎవరికీ కనబడనంత చిన్నది. ఆపరేటరు వైర్‌లెస్ మీట నొక్కి, మీసాలాయనా, బరువు దింపి ఓసారి కిందికి రమ్మన్నాడు. భోజనాల గంటకి ఇంకా చాలా ఉంది కదా, టీ ఎవరు పోయిస్తారు అన్నాడు ఆయన.

"నేను పోయిస్తాను. దిగండి."

ఇంజనీరు గుర్రుగా చూశాడు గానీ అడ్డుపడలేదు. ట్యాంకు ఊగిన రోజు ఆయనకీ గుర్తే.

ఎనిమిదో వారం రక్తమిచ్చారు. ఫలితం వచ్చే పొద్దున ఆపరేటరు ల్యాబు ముందు గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి నడిచాడు. కూర్చోమని భార్య అనలేదు. ఇప్పుడు నొప్పి లేదు, కూర్చోగలడు, అయినా కూర్చోలేడు. కవరు చేతికిచ్చారు. తనే తెరవబోయి, ఆమెకిచ్చేశాడు. ఆమె చదివి, మళ్ళీ చదివి, కాగితం అతని వైపు తిప్పి వేలు పెట్టి చూపించింది. ఉండాల్సిన హద్దు పక్కనే రాసి ఉంది. అంకె దాని లోపలే ఉంది. డాక్టరు కూడా చూసి తల ఊపాడు. అన్నకి ఉంది కాబట్టి ఏడాదికోసారి వచ్చి చూపించుకోవాలన్నాడు. ఈ ఏటికి భయం లేదు గానీ, మళ్ళీ ఏడాది మాట తనూ చెప్పలేనన్నాడు. ఆ మాట ఆపరేటరుకి ఎందుకో నచ్చింది. దేవుడు కూడా ఎవరికీ అంతకంటే ఎక్కువ రాసివ్వడు కదా.

కళ్ళు తిరిగే మాత్ర ఆపేసి రెండు వారాలు దాటింది, నిచ్చెన ఎక్కవచ్చని డాక్టరే కాగితం మీద రాసిచ్చాడు. సోమవారం పొద్దున రెండువందల పన్నెండు మెట్లూ ఎక్కాడు. పటం ఉన్న చోటే ఉంది, మీసాలాయన దుమ్ము కూడా తుడిచి పెట్టాడు. దణ్ణం పెట్టుకుని, కుర్చీలో కన్నం దిండు వేసుకుని కూర్చున్నాడు. పక్కన నీళ్ళ సీసా. ఎక్కకముందు ఒక గ్లాసు, ఎక్కాక రెండు. తాగుతుంటే పటం కేసి చూడబోయి, ఎందుకో మొహమాటపడి, మళ్ళీ చూసి తాగాడు.

తొమ్మిదిన్నర అయ్యేసరికి వచ్చింది. మంట లేదు, తొందర లేదు, మామూలుగా, మనుషులకి వచ్చినట్టే. పదకొండేళ్ళ అలవాటు వెంటనే బిగుసుకుంది. ఇంకో గంట ఆగొచ్చు, ఇంకో రెండు గంటలైనా ఆగొచ్చు. కింద అరవై మంది. అతని చెయ్యి లివరు మీద అటూ ఇటూ అయింది. తర్వాత కొక్కేన్ని ఖాళీగా, ఎత్తుగా, ఎవరికీ అడ్డం లేని చోట నిలిపి మీట నొక్కాడు.

"దిగుతున్నాను."

పైకప్పు మీద నుంచి గొంతు వచ్చింది. "ఏం బావా, మళ్ళీనా?"

ఆ గొంతులో వెక్కిరింత కింద దాక్కున్న భయం అతనికి వినబడింది.

"ఏమీ లేదురా. ఒంటికి."

సైటులో ప్రతి సెట్టులోనూ ఆ మాట వినబడింది. ఎక్కడో ఇద్దరు ముగ్గురు నవ్వారు. మెడలు నిక్కించి చూస్తున్న జనం మధ్య నుంచి ఎవరో అరిచారు, టీ ఎవరిదని.

"నాదే" అన్నాడు ఆపరేటరు, బూట్లు వేసుకుంటూ. "రోజూ నాదే. చెప్పి పెట్టండి."